మైనపు మొహాల అలమర

శ్రీపతికి నలభై తొమ్మిదో ఏట లాటిన్ మాటలు కంఠతా పట్టాల్సిన అవసరం పడింది. చీరాల హైస్కూల్లో పద్యం అప్పజెప్పమంటే మాస్టారి చేత మూడు చెరువుల నీళ్లు తాగించిన మనిషి, ఇప్పుడు ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్ పేటలో, పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి "ఏట్రియమ్, ఇంప్లూవియమ్, కాంప్లూవియమ్" అని గొణుక్కుంటున్నాడు. చేసేది ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. రోము నగరంతో అతనికి ఏ చుట్టరికమూ లేదు. ఆ దేశం మీదుగా విమానంలో కూడా పోలేదు.

చుట్టరికమల్లా కూతురితో. రెండువేల ఐదో సంవత్సరం అది, నవీనకు స్కూల్లో ఆఖరి ఏడు. న్యూజిలాండ్ స్కూళ్లలో క్లాసికల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టు చెబుతారు. వెనకటి గ్రీకులు, రోమన్లు, రోమన్ల కంటే ముందు ఇటలీలో ఉన్న ఎట్రస్కన్లు, వాళ్ల గుళ్లు, గోరీలు, బొమ్మలు, ఇళ్లు. తోటి తెలుగువాళ్ల పిల్లలంతా కెమిస్ట్రీ వెంట పడి పోతుంటే ఈ పిల్ల పట్టుబట్టి ఇది తీసుకుంది. "దాంతో ఏం ఉద్యోగం వస్తుందమ్మా, గోరీలు కడతావా?" అని పక్క వీధి సరోజ అడిగింది. నవీన నవ్వి ఊరుకుంది. శ్రీపతి అది కూడా చెయ్యలేదు. అతనికి కూతురితో వాదించేంత చనువు అప్పటికే పోయింది.

భార్య ఆశాజ్యోతి బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ల మాటలన్నీ ఆమె మీదుగానే నడిచేవి. "మీ నాన్నకి చెప్పు," "నీ కూతురికి చెప్పు" అని ఇద్దరూ ఆమెకే చెప్పేవాళ్లు. ఆమె వంటింట్లోంచి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందిస్తూ, మధ్యలో తన మాట కూడా నాలుగు కలిపి పంపేది. రెండేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. ఆ తరవాత మిగిలిన ఇద్దరికీ, ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడటం అసలు అలవాటే లేదని తెలిసొచ్చింది. "అన్నం తిన్నావా?" "యా." "బస్సు దొరికిందా?" "యా." నవీనకు తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, అదీ గీచి గీచి. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో చెబుతున్నది మన సౌకర్యం కోసం.

ఇలా ఉండగా ఒక సాయంత్రం నవీన భోజనాల బల్ల మీద అట్టముక్కలు పరిచింది. ఒక వైపు బొమ్మ, పేరు. రెండో వైపు దాని అర్థం. రోజూ ఎవరో ఒకరు అర్థం చదివి వినిపిస్తే తను పేరు చెప్పాలిట. శ్రీపతి పెరుగు గిన్నె పక్కకు జరిపి, "ఇలా తే, నేను చదువుతా," అన్నాడు. ఆ పిల్ల ఒక్క క్షణం అతని మొహం చూసి ముక్కలన్నీ అతని ముందుకు తోసింది.

అదే మొదలు. సింకులో ఇద్దరి కంచాలూ పడేశాక చదువు మొదలయ్యేది. అతను చదవడం, ఆమె చెప్పడం. తప్పు చెబితే అతను "ఊహూఁ" అనేవాడు, ఆమె నాలిక కరుచుకునేది. రోజు మొత్తంలో కూతురు తన కళ్లలోకి చూసి మాట్లాడేది ఆ కాసేపే. దానికోసం అతను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేవాడు. అర్థాలు తప్పు చదివి పరువు పోగొట్టుకోకూడదని పొద్దున్నే అద్దం ముందు సాధన కూడా చేసేవాడు. ఎందుకంటే ఫిబ్రవరిలో నవీన పై చదువుకు డునెడిన్ వెళ్తానంటోంది. దేశం ఆ కొసన ఉంది ఆ ఊరు. ఆక్లండ్‌లో యూనివర్సిటీ లేదా అని ఒకసారి అడిగాడు. "ఉంది," అని తన గదిలోకి పోయింది. తను ఏదో చేసి ఈ పిల్లను ఇంట్లోంచి తరిమేస్తున్నానని అతనికి తెలుస్తోంది. ఏం చేశాడో మాత్రం తెలియడం లేదు. ఈ అట్టముక్కలు అయిపోయేలోగా తెలిస్తే బాగుండునని అతని ఆశ.

ఏట్రియమ్ ముక్క వచ్చిన రోజు అన్నిటికంటే బాగా గడిచింది. ఇంటి నడిమధ్య చావడి, కప్పులో చదరంగా ఖాళీ, దాంట్లోంచి వాన నేరుగా లోపల పడితే కింద ఆ నీళ్లు పట్టే పల్లం. శ్రీపతి బొమ్మ చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇది మండువా ఇల్లేగా," అన్నాడు.

"అంటే?"

"మన వైపు పాత ఇళ్లు ఇలానే ఉండేవమ్మా. మధ్యలో కప్పుండదు. చుట్టూ వసారాలు, వాన పడితే ఇంట్లోనే పడుద్ది. తెనాలిలో మీ అమ్మ వాళ్ల తాతగారిల్లు అదే. నేను పెళ్లిచూపులకెళ్లిన రోజు ఒకటే వాన. చూరు నీళ్లు నా కొత్త ప్యాంటు మీద పడ్డయ్."

నవీన రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగింది. "అమ్మ ఆ నీళ్లలో ఆడుకునేదా?"

అంతే. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి చేతిలోని ముక్క వైపు తల దించాడు. ఆ ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు. ఆశాజ్యోతే ఎన్నోసార్లు చెప్పింది. కానీ చెప్పడం మొదలుపెడితే కూతురి ముందు ఏడుస్తానేమోనని భయం. "సర్లే, తరవాతి ముక్క చూద్దాం," అని చేతిలోది బోర్లించాడు. నవీన వెనక్కి జరిగి కూర్చుంది.

ఒక ముక్క మాత్రం ఎప్పుడూ చదివేవాడు కాదు. దాని మీద ఎట్రస్కన్ల శవపేటిక బొమ్మ ఉంది. కాల్చిన మట్టితో చేసిన మంచం, దాని మీద మొగుడూ పెళ్లాం పక్కపక్కన ఒరిగి, విందులో కూర్చున్నట్టు నవ్వుతూ ఉంటారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంటుంది. శ్రీపతి ఆ ముక్కను కట్టలో అడుగుకు తోసేవాడు. నవీన అది చూస్తూనే ఉండేది.

హాల్లో గోడకు ఒక మేకు ఉంది. దాని కింద గోడ రంగు నలుచదరంగా కొంచెం తెల్లగా ఉంటుంది. అక్కడ ఆశాజ్యోతి ఫోటో ఉండేది. నవీన పన్నెండేళ్లప్పుడు రీలు కెమెరాతో తీసింది. పెరట్లో నిమ్మచెట్టు పక్కన, చీర మీద పాత స్వెట్టరు, చెదిరిన బొట్టు, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు, కళ్ల కింద చారలు, బుగ్గ మీద పుట్టుమచ్చ. ఫోటో అంటే పారిపోయే మనిషి ఆ ఒక్కసారి కూతురు అడిగిందని నిలబడి నవ్వేసింది. శ్రీపతి దాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు. నెగెటివ్ ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. పెళ్లి ఆల్బమ్ తెనాలిలో అత్తగారి దగ్గరుంది. అందులో ఉన్నది పంతొమ్మిదేళ్ల పెళ్లికూతురు. నవీన దాన్ని ఒకసారి చూసి, "ఇది అమ్మ కాదు, ఎవరో అమ్మాయి," అంది.

పెద్దకర్మ రోజున సరోజ ఇండియా షాపు నుంచి గంధపు చెక్కల దండ ఒకటి పట్టుకొచ్చింది. "ఫోటోకి బొట్టు పెట్టి ఈ దండ వెయ్యండి అన్నయ్యగారూ. రోజూ దణ్ణం పెట్టుకుంటే మనసు కుదుటపడుద్ది," అంది. మంచి మాటే. మన ఇళ్లలో అందరూ చేసేదే. కానీ శ్రీపతి ఆ దండ పట్టుకుని ఫోటో ముందు నిలబడితే చేతులు పైకి లేవలేదు. దండ లేనంతసేపూ అది ఇంట్లో ఉన్న మనిషి ఫోటో. దండ పడ్డదంటే పోయిన మనిషి ఫోటో. అందరూ వెళ్లాక అతను ఫోటో దింపి, ఆమె వెంకటగిరి చీరలో చుట్టి, నడవాలో ఉన్న అలమర పై అరలో, పాత బొంతల వెనక, మొహం గోడవైపు పెట్టేశాడు. దండ ఉన్న పొట్లం కూడా అక్కడే పడేశాడు.

ఆ అలమరలో వేడినీళ్ల ట్యాంకు ఉంటుంది. ఆ దేశంలో హాట్ వాటర్ కప్‌బోర్డు అంటారు. ట్యాంకు వేడికి లోపల ఎప్పుడూ నులివెచ్చగా ఉంటుంది కాబట్టి తువ్వాళ్లూ దుప్పట్లూ అందులోనే పెట్టుకుంటారు. ఆశాజ్యోతికి చలి గిట్టేది కాదు. ఆమెను వెచ్చని చోటే పెట్టాననుకున్నాడు. రోజూ నవీన స్కూలుకు పోగానే తువ్వాలు తీసుకునే వంకతో తలుపు తెరిచి, పైకి చూసి రెండు మాటలు చెప్పేవాడు. "ఇవాళ కూడా వానే." "నీ కూతురు నిన్న ఒక్కటీ తప్పలేదు." ఫోటో ఒక్కసారి కూడా కిందికి దించలేదు. చూసే ధైర్యం లేదు. అక్కడుందని తెలిస్తే చాలు.

ఇదంతా నవీనకు చెప్పలేదు. అదీ అతను చేసిన తప్పు. మర్నాడు పొద్దున లేచిన పిల్ల ఖాళీ గోడ చూసి, "అమ్మ ఫోటో ఏది?" అని అడిగింది. "లోపల పెట్టాను." "ఎందుకు?" ఏమని చెబుతాడు? అక్కడ పుట్టిన పిల్లకు దండ సంగతి తెలియదు, అతనికి చెప్పే నోరు లేదు. ఇంకోసారి అడిగింది, మరోసారి అడిగింది, తరవాత మానేసింది.

సెప్టెంబరులో ఒక ముక్క చదువుతూ శ్రీపతి ఆగిపోయాడు. రోమన్ల పెద్ద ఇళ్లలో, ఆ చావడి పక్కనే, చెక్క అలమరలుండేవట. వాటిలో చనిపోయిన పెద్దల మొహాలు మైనంతో అచ్చుపోసి దాచుకునేవాళ్లట. మామూలు రోజుల్లో తలుపులు మూసి ఉంచి, పండగ వస్తే తెరిచేవాళ్లట. పేరు ఇమాగినేస్. శ్రీపతి ఆ ముక్క మళ్లీ చదివాడు. చూశావా, రోము చక్రవర్తుల కాలంలోనే నాలాంటివాళ్లు ఉన్నారన్నమాట అనుకున్నాడు. అప్పుడే లేచి నడవాలోకి తీసుకెళ్లి చూపించవలసింది. నోటి దాకా వచ్చింది కూడా.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. పేరు చెప్పు."

"ఇమాగినేస్," అంది నవీన. ముక్క మీది బొమ్మ చూస్తూ, "వాళ్లకు తలుపు తెరిచే రోజంటూ ఒకటుండేది," అంది. శ్రీపతికి ఆ మాట గుచ్చుకుంది గానీ ఎక్కడ గుచ్చుకుందో వెంటనే తెలియలేదు.

అక్టోబరులో స్కూలువాళ్లు ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచారు. క్లాసులో ప్రతి ఒక్కరూ ఒక పదం తీసుకుని దాని మీద మాట్లాడాలి. నవీన ఏ పదం తీసుకుందో చెప్పలేదు. శ్రీపతికి చెప్పక్కర్లేదు కూడా, ఏట్రియమే అని అతనికి గట్టి నమ్మకం. మండువా ఇల్లు, వాన, తాతగారు, ఆ రోజు ఆ పిల్ల కళ్లు ఎలా మెరిశాయో తను చూశాడుగా. సగం రోజు సెలవు పెట్టి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, సరోజను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. దారిలో ఆవిడకు మండువా గురించి చెప్పాడు కూడా. "మన తెనాలి ఇంటి సంగతి ఇవాళ తెల్లవాళ్లు వింటారండీ సరోజగారూ," అన్నాడు. మనిషి అలా సంతోషంగా మాట్లాడి చాలా కాలమైందని సరోజ కూడా గమనించింది.

నవీన వంతు వచ్చింది. తెర మీద గుండ్రటి చెక్కపలక మీద వేసిన ఒక పాత రంగుల బొమ్మ పడింది. రోము చక్రవర్తి, ఆయన భార్య, ముందు ఇద్దరు కొడుకులు. అందులో ఒక పిల్లవాడికి మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట గీకేసిన గుండ్రటి మచ్చ ఉంది.

"ఈ ఇద్దరిలో ఒకడు పెద్దయ్యాక రెండోవాణ్ణి చంపించాడు," అని మొదలుపెట్టింది నవీన. "తరవాత వాడి బొమ్మ కనిపించిన చోటల్లా మొహం చెరిపించాడు, పేరు చెక్కి తీయించేశాడు. దీన్ని డమ్నాటియో మెమోరియై అంటారు. ఈ పేరు తరవాతి పండితులు పెట్టింది. జ్ఞాపకానికి వేసిన శిక్ష అని అర్థం."

శ్రీపతి ఇంకా ఏట్రియమ్ వస్తుందనే చూస్తున్నాడు.

"పుస్తకాల్లో ఏమని రాస్తారంటే, ఇలా చెరిపినా మనుషులు మరిచిపోరు, చెరిపిన చోటే అందరి కళ్లూ పడతాయి అని. వీధిలోవాళ్లకు అది నిజమే అనుకుంటాను. ఇంట్లోవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. ఇంట్లో గోడ మీద ఒక మొహం ఉండి, అది తీసేశారనుకోండి. మొదట గోడ చూసినప్పుడల్లా మొహం గుర్తొస్తుంది. తరవాత గోడే గుర్తుంటుంది. ఆ మనిషి బుగ్గ మీద ఒక మచ్చ ఉండేదని తెలుసు. ఏ బుగ్గ మీదో తెలియకుండా పోతుంది. అడగడానికి ఇంట్లో ఇంకొకరు ఉంటారు. కానీ తీసేసింది ఆయనే."

ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు. మా ఇల్లు అనలేదు. తండ్రి కూర్చున్న వైపు కూడా చూడలేదు. చప్పట్లు కొట్టారు. శ్రీపతి కూడా కొట్టాడు. సరోజ అతని వైపు తిరిగి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. తెనాలి ఇంటిని చూపిద్దామని తీసుకొస్తే ఆవిడకు కనపడింది మౌంట్ ఆల్బర్ట్ ఇల్లు.

సరోజను వాళ్లింటి ముందు దించాక కారులో ఇద్దరే మిగిలారు. వాన తుంపర. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"బాగా మాట్లాడావమ్మా."

"థాంక్స్." కిటికీ వైపు తిరిగి, "కోపం వచ్చిందా?" అంది.

"లేదు." నిజంగానే రాలేదు. భయం వేసింది. తను భార్యను దాచుకున్నానని రెండేళ్లు అనుకున్నాడు. కూతురి దగ్గర్నుంచి తల్లిని లాగేసుకున్నానని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంట్లోకి రాగానే బూట్లయినా విప్పకుండా నడవాలోకి నడిచాడు. అలమర తలుపు తెరిచాడు. లోపల హ్యాంగర్లకు తడి చొక్కాలు, నవీన స్కూలు స్వెట్టరు వేలాడుతున్నాయి. ఆక్లండ్ వానల్లో బయట బట్టలారక, అతను రెండు చలికాలాలుగా పిండిన బట్టలు పిండినట్టే తెచ్చి అందులో ఆరేస్తున్నాడు. ఆశాజ్యోతి బతికుండగా ఇలా చెయ్యనిచ్చేది కాదు. "అందులో సగం ఆరినయ్యే పెట్టాలండీ, లేకపోతే చెమ్మ పట్టుద్ది," అనేది. అప్పుడు అతను పేపరు చదువుతూ ఊఁ కొట్టేవాడు. చొక్కాలు పక్కకు నెట్టి, స్టూలెక్కి, బొంతల వెనక చెయ్యి పెట్టి మూట దించాడు.

నవీన నడవా చివర నిలబడిపోయింది. "అది ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది. ఎక్కడికీ పోలా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

బల్ల మీద మూట పెట్టి అతను కూర్చున్నాడు. దండ సంగతి చెప్పాడు. ఎలా చెప్పాలో తెలియక అటూ ఇటూ తిప్పి చెప్పాడు. సరోజ తెచ్చిన రోజు, చేతులు లేవకపోవడం, రోజూ తువ్వాలు తీసుకుంటూ మాట్లాడటం. "దండ వేస్తే ఇక పోయినట్టే కదమ్మా. వెయ్యకపోతే ఏదో... ఉన్నట్టుంటుందని."

"కానీ అమ్మ పోయింది నాన్నా," అంది నవీన. ఆ ముక్క తెలుగులోనే అంది. గొంతులో కోపం లేదు. ఆ మాట ఆ ఇంట్లో ఇద్దరి మధ్య పైకి రావడం అదే మొదటిసారి.

చీర మడతలు విప్పారు. చెమ్మ వాసన కొట్టింది. గాజు లోపల అక్కడక్కడ మబ్బు పట్టి, అంచుల్లో పచ్చటి మరకలు తేలాయి. కానీ మొహం ఉంది. నెరిసిన వెంట్రుకలు, చెదిరిన బొట్టు, కళ్ల కింద చారలు, నవ్వు. నవీన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెరిజమ్," అంది, ఏడుస్తూ నవ్వుతూ. ముడతా మచ్చా దాచకుండా మనిషిని ఉన్నది ఉన్నట్టు చెక్కే పద్ధతికి రోమన్ల బొమ్మల్లో ఆ పేరు. ఆ ముక్క శ్రీపతికీ వచ్చు. "స్కాన్ చేసుకుంటాను నాన్నా. రేపు లైబ్రరీలో."

రేపటిదాకా ఎందుకు? రెండేళ్ల బాకీ ఆ నిమిషంలోనే తీర్చేయాలన్న ఆత్రం పట్టుకుంది శ్రీపతికి. ఫ్రేము బోర్లించి, వంటింటి చాకుతో వెనక మేకులు పీకి, అట్ట తీశాడు. ఫోటో మూల పట్టుకుని లాగితే గాజుకు అతుక్కున్నట్టు తెలిసింది. "నాన్నా, ఆగు," అంటోంది నవీన. కొంచెమే కదా అనుకుని అతను ఇంకాస్త గట్టిగా లాగాడు. పచ్చి అరటిపట్ట చీల్చినట్టు చప్పుడైంది.

కాగితం చేతికి వచ్చింది. చీర ఉంది, స్వెట్టరు ఉంది, నిమ్మచెట్టు ఉంది, గాజుల చేతులున్నాయి. మొహం ఉండాల్సిన చోట గుండ్రంగా తెల్లటి కాగితం.

శ్రీపతి దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. కూతురు అరిస్తే బాగుండుననిపించింది, తిట్టినా బాగుండును. నవీన అరవలేదు. బల్ల మీద మిగిలిన గాజుపలకను అంచులు పట్టుకుని మెల్లగా లేపి, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగులో గదివైపు తిరిగి ఎత్తి పట్టింది. వాన వెలిసి బయట ఇంకా పొద్దుంది. కాగితం మీంచి లేచిపోయిన మొహం గాజుకే అంటుకుని ఉంది. పల్చగా, వెనక వెలుతురు కనపడేంత పల్చగా, కానీ మొత్తం ఉంది.

కిటికీ వైపు నుంచి నవీన, గది వైపు నుంచి శ్రీపతి, మధ్యలో ఆశాజ్యోతి. ఆమె బతికుండగా ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్న వరసే అది.

"మచ్చ ఇటు పక్క ఉందేంటి?" అంది నవీన కంగారుగా. "గట్టిగా చెప్పలేను గానీ నాకు అటు పక్క అనే గుర్తు. అది కూడా మరిచిపోయానా?"

"లేదమ్మా, నువ్వు వెనక నుంచి చూస్తున్నావు. ఇటు రా."

ఆమె గాజు అలాగే పట్టుకుని తిరిగి వచ్చి అతని పక్కన నిలబడింది. ఎడమ బుగ్గ మీద మచ్చ. తనకు గుర్తున్న చోటే ఉంది. నవీన తల తండ్రి భుజానికి ఆనింది. శ్రీపతి కళ్లు తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఆడుకునేది," అన్నాడు. "ఆ మండువా నీళ్లలో. కాగితం పడవలు కాదు, మీ ముత్తాత చెప్పులు వదిలేది. అవి తూములో పడి కొట్టుకుపోతే మీ ముత్తాత వీధి వెంట పరిగెత్తేవాడంట." ఇక ఆపలేదు. కుక్కరులో అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు.

ఇంత జరిగింది కదా, నవీన డునెడిన్ మానుకుంటుందేమోనని అతనికి ఎక్కడో చిన్న ఆశ. మానుకోలేదు. తల్లి ఫోటో మీద అలకతో వెళ్తున్న పిల్ల కాదు, చదువు కోసం వెళ్తున్న పిల్ల. అడగరాని మాట అడిగి ఆపే ప్రయత్నం అతనూ చెయ్యలేదు. ఫ్రేములు కట్టే షాపులో ఆ గాజుకు వెనక ఇంకో గాజు వేయించి, అంచులకు చెక్క బిగించి తెచ్చాడు. ఫిబ్రవరిలో సూట్‌కేసు సర్దుతుంటే దాన్ని వెంకటగిరి చీరలో చుట్టి బట్టల మధ్య పెట్టాడు.

"నీకు వద్దా?" అంది నవీన.

"నాకు గుర్తుంది," అన్నాడు.

విమానాశ్రయం నుంచి వచ్చేసరికి ఇల్లు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించింది. బల్ల మీద అట్టముక్కల కట్ట వదిలేసి వెళ్లింది. అన్నిటికంటే పైన మట్టి మంచం మీద మొగుడూ పెళ్లాం నవ్వుతున్నారు. ఎవరు పెట్టారో అతనికి తెలుసు. కాసేపు చూసి, ఈసారి అడుగుకు తొయ్యలేదు.

మొహం లేని ఫోటోను పాత ఫ్రేములోనే కొత్త గాజు వేసి మేకుకు తగిలించాడు. నలుచదరపు మరక మీద సరిగ్గా కూర్చుంది. అలమరలోంచి దండ పొట్లం తీశాడు. గంధపు వాసన ఇంకా పోలేదు. దండ వేశాడు. చేతులు లేచాయి. వేలితో కుంకుమ తీసుకుని తెల్లటి కాగితం ముందు ఒక్క క్షణం ఆగాడు. నుదురు ఎక్కడుందో చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. అయినా వేలికి ఆ చోటు తెలిసింది.

ఆదివారం నవీన ఫోన్ చేస్తుంది. మిగతా రోజులు మామూలే, వస్తాడు, వండుకుంటాడు, ఒక్క కంచం కడుక్కుంటాడు. పండక్కి ముందు సరోజ ఒక కొత్త జంటను వెంటబెట్టుకుని వచ్చింది. గుంటూరు వాళ్లు, ఫ్లాట్ వెతుక్కుంటున్నారు. ఆ అమ్మాయి హాల్లో కూర్చోబోతూ గోడ చూసి ఆగిపోయింది. దండ, బొట్టు, గాజుల చేతులు, మధ్యలో తెల్లగా. అడగొచ్చో అడగకూడదో తెలియక సరోజ వైపు చూసి, చివరికి అడిగేసింది.

"ఎవరండీ అంకుల్?"

"మా ఆవిడమ్మా."

"మరి మొహం..."

"మొహం మా అమ్మాయి దగ్గరుంది," అన్నాడు శ్రీపతి, కాఫీ కలపడానికి లేస్తూ.